ముందు చక్రం మూలుగుతుంటే

నాది చేపల బాడుగ. ఆకివీడు, కైకలూరు చుట్టుపక్కల చెరువుల దగ్గర ఐసు వేసిన ట్రేలు ఎక్కించుకుని, గుడివాడ మీదుగా విజయవాడలో దింపి వస్తాను. బండి పాత పికప్. ముందు వైపు కూడా కమాన్ కట్టలే (ఉక్కు పట్టీల స్ప్రింగులు). అడ్డంగా ఒకటే ఇనుప ఇరుసు, దాని రెండు కొసలకీ కింగ్‌పిన్నులు, అంటే స్టీరింగు తిప్పితే చక్రం మళ్ళే నిలువు పిన్నులు. ఇంజను లాగుడంతా వెనక చక్రాలకే కాబట్టి ముందు హబ్‌లో, అంటే చక్రం మధ్య భాగంలో, గేర్లూ షాఫ్టులూ ఏమీ ఉండవు. ఒక స్టబ్ యాక్సిల్ (హబ్ తిరిగే పొట్టి కడ్డీ), దాని మీద రెండు టేపర్ రోలర్ బేరింగులు (ఒక కొస సన్నగా ఉండే రోలర్లవి), ఒక సీలు (గ్రీజు బయటికి, నీళ్ళు లోపలికి పోకుండా ఆపే రింగు), ఒక నట్టు, అంతే. డ్రైవరు కాకముందు మూడేళ్ళు ఆటోనగర్‌లో లారీ షెడ్డులో హెల్పరుగా చేశాను. అందుకని చిన్న పనులు ఇంటి దగ్గర నేనే చేసుకుంటాను. ముందు చక్రం బేరింగులు మార్చే ఈ పని మాత్రం మొదటిసారి చెడగొట్టాను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు పాల ప్యాకెట్లు, నీళ్ళ సీసాలు వేసుకుని నా బండి కూడా వెళ్ళింది. రెండు రోజులు హబ్‌లు మునిగే నీళ్ళలో తిరిగాను. ఇంటికొచ్చి పైపు పెట్టి బురద కడిగాను గానీ హబ్ విప్పి చూడాలని తోచలేదు. డిసెంబరులో ఒక రాత్రి ఖాళీ బండితో వస్తుంటే ముదినేపల్లి దాటాక ‘గుంయ్’మని ఒక మూలుగు మొదలైంది. టైరేమో అనుకున్నాను. టైర్ల షాపులో అడిగితే వాళ్ళూ టైరే అన్నారు. సరేనని పదిహేను రోజులు తిప్పాను. ఆ పదిహేను రోజుల్లో బేరింగుతో పాటు స్టబ్ యాక్సిల్ కూడా పోయేదే, కొద్దిలో తప్పింది.

నీళ్ళలోంచి వెళ్తే హబ్‌లోకి నీళ్ళెలా పోతాయి, సీలుంది కదా అని చాలామంది అడుగుతారు. నలభై కిలోమీటర్లు నడిచాక, బ్రేకులు కొట్టాక హబ్ వేడిగా ఉంటుంది. లోపలి గాలి కూడా వేడెక్కి వ్యాకోచించి ఉంటుంది. అలాంటి హబ్‌ని చల్లటి నీళ్ళలో ముంచితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని, సీలు పెదవి దగ్గరి నుంచి నీళ్ళని లోపలికి పీల్చుకుంటుంది. వరదే రానక్కర్లేదు. చెరువు గట్టు దిగి నీళ్ళ అంచున బండి ఆపినా చాలు, లోడు దించిన వెంటనే వేడి చక్రాల మీద ప్రెషర్ పైపు కొట్టినా చాలు. మా రూటు బండ్లకి ఇంకో శని కూడా ఉంది. ట్రేల్లోంచి కారే ఐసు నీళ్ళు, రొయ్యల చెరువుల ఉప్పు నీళ్ళు రోజంతా కింద పడుతూనే ఉంటాయి. గట్టి బేరింగు కూడా ఉప్పు తగిలితే నెలల్లో చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది.

చప్పుడు ఎక్కడి నుంచి వస్తోంది?

సామాను కొనే ముందు సగం రోజు దీనికి పెట్టండి. చప్పుడొకటే, దాని వెనక రోగాలు నాలుగైదు.

టైరు చప్పుడు రోడ్డును బట్టి మారుతుంది. సిమెంటు రోడ్డు మీద ఒకలా ఉండి కొత్త తారు మీదికి రాగానే తగ్గిపోతే అది టైరే. బేరింగు మూలుగు ఏ రోడ్డు మీదైనా ఒకటే, స్పీడు పెరిగేకొద్దీ పెరుగుతుంది. ఖాళీ రోడ్డు చూసుకుని యాభై, అరవైలో స్టీరింగు మెల్లగా అటూ ఇటూ ఊపండి. ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రాల మీదికి ఒరుగుతుంది. అప్పుడు మూలుగు పెరిగి, కుడికి తిప్పితే తగ్గిందంటే పోయింది కుడి బేరింగు. చాలామంది ఎడమకి తిప్పినప్పుడు వచ్చింది కాబట్టి ఎడమదే అనుకుని బాగున్న హబ్ విప్పుతారు. ఇంకో గుర్తుంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు: గతుకుల రోడ్డు మీద కొంతసేపు వెళ్ళాక మొదటి బ్రేకు లోతుకి దిగి, రెండోసారి తొక్కితే మామూలుగా ఉండటం. బేరింగు వదులై డిస్కు ఊగితే అది ప్యాడ్లని వెనక్కి నెట్టేస్తుంది. ఆ మొదటి తొక్కుడుకి ప్యాడ్లు మళ్ళీ డిస్కు దాకా రావాలి కదా, అందుకే పెడల్ లోపలికి పోతుంది.

తరవాత బండి ఎత్తి చూడాలి. నేల గట్టిగా, చదునుగా ఉండాలి. గేరులో వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్క దుంగలు అడ్డం పెట్టండి. జాకీతో ఎత్తి ఇరుసు కింద స్టాండు పెట్టాకే చెయ్యి పెట్టండి. ఇటుకలు వద్దు. ఇటుక పగిలేటప్పుడు ముందుగా చెప్పదు. మా షెడ్డులో ఇటుక మీద పెట్టిన బండి ఒకసారి కూలింది, అప్పుడు దాని కింద ఎవరూ లేకపోవడం మా అదృష్టం.

చక్రం గాల్లో ఉండగా ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద పెట్టి ఊపండి. ‘టక్ టక్’మని కదిలిందంటే ప్లే, అంటే వదులు, ఉన్నట్టే. కానీ ఆ ప్లే బేరింగుదా, కింగ్‌పిన్నుదా? ఇక్కడ ఇంకొక మనిషి కావాలి. మా తమ్ముడి కొడుకుని సీట్లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కి పట్టుకోమన్నాను. బ్రేకు పడితే డిస్కు క్యాలిపర్‌కి (ప్యాడ్లని డిస్కు మీద నొక్కే ముక్కకి) అతుక్కుని, హబ్బూ స్టబ్ యాక్సిలూ ఒకటే ముక్కలా అయిపోతాయి. అప్పుడు ఊపితే కదలిక పోయిందంటే ప్లే బేరింగుది. బ్రేకు తొక్కినా కదులుతుంటే కింగ్‌పిన్ను చుట్టూ ఉండే బుష్షులది. నాది బ్రేకు తొక్కగానే ఆగిపోయింది.

“ఆగిపోయింది కదా పెదనాన్నా, ఇంకేం? బాగానే ఉన్నట్టేగా!” అన్నాడు వాడు.

“ఆగిపోయింది కాబట్టే బేరింగు పోయిందిరా” అన్నాను. ఇది వాడికి బొమ్మ గీసి చూపిస్తే గానీ అర్థం కాలేదు.

చేతులు పక్కలకి, అంటే గడియారంలో తొమ్మిది, మూడు ఉండేచోట పెట్టి ఊపితే కదిలేది ఎక్కువగా టై రాడ్ ఎండు (స్టీరింగు కడ్డీ కొసన ఉండే జాయింటు). దాని రబ్బరు టోపీ చిరిగి ఉంటే ఇక చూడక్కర్లేదు. ఊపుతుండగా ఇంకొకరు జాయింటు మీద వేలు పెడితే తెలిసిపోతుంది. చివరగా ఒక చేత్తో కమాన్ కట్టని పట్టుకుని రెండో చేత్తో చక్రం తిప్పండి. బేరింగు బాగుంటే కట్టలో ఏమీ తెలియదు. పాడైతే ఇసుక నూరుతున్నట్టు వేళ్ళకి గరగర తగులుతుంది. చెవికి వినపడనిది కూడా ఇలా దొరుకుతుంది.

విప్పడం

కావాల్సినవి పెద్దగా ఏమీ లేవు. వీల్ పానా, నట్టుకి సరిపోయే బాక్సు పానా, ప్లయరు, సుత్తి, వెడల్పాటి స్క్రూడ్రైవరు, జానెడు ఇత్తడి కడ్డీ, ఒక డబ్బాలో డీజిలు, దారాలు ఊడని పాత గుడ్డలు. వేస్టు కాటన్ వాడొద్దు, దాని పోగులు రోలర్ల మధ్యన ఉండిపోతాయి.

చక్రం ఊడదీసి, క్యాలిపర్ బోల్టులు తీసి, దాన్ని తీగతో కమాన్ కట్టకి కట్టేయండి. బ్రేకు పైపు మీద వేలాడదీయొద్దు. హబ్ మధ్యలో ఉన్న రేకు టోపీని చుట్టూ కొద్దికొద్దిగా తట్టి లేపండి, ఒకేచోట కొడితే వంకర పోయి మళ్ళీ సరిగ్గా కూర్చోదు. లోపల స్ప్లిట్ పిన్ను, దాని కింద కోట బురుజులా గాళ్ళున్న కాజిల్ నట్టు, దాని వెనక నాలుక ఉన్న వాషరు. పిన్ను లాగి, నట్టు విప్పి, హబ్‌ని కొంచెం ముందుకి లాగి వెనక్కి తోస్తే వాషరూ బయటి చిన్న బేరింగూ వాటంతట అవే బయటికొస్తాయి. అరచెయ్యి అడ్డం పెట్టుకోండి, లేకపోతే మట్టిలో పడతాయి. తరవాత హబ్ మొత్తం చేతికొస్తుంది. లోపలి పెద్ద బేరింగు సీలు వెనక ఉంటుంది. సీలుని స్క్రూడ్రైవరుతో పెకిలించేయండి. పాత సీలు ఎంత బాగున్నట్టు కనిపించినా మళ్ళీ వేయొద్దు.

నా హబ్ విప్పితే గ్రీజు కాఫీ పాలలా ఉంది. నీళ్ళు కలిసిన గ్రీజు అలాగే తెల్లబారుతుంది. సెప్టెంబరు నీళ్ళు డిసెంబరులో చేతికి అంటాయి.

చచ్చిన బేరింగు ఏం చెబుతుంది

కొత్తది వేసే తొందరలో పాతది చెత్తలో పడేయకండి. డీజిల్లో కడిగి, తుడిచి, ఎండలో పెట్టి చూడండి. అది ఎందుకు చచ్చిందో తెలియకుండా కొత్తది వేస్తే కొత్తదీ అదే దారిన పోతుంది. (కడిగాక కంప్రెసర్ గాలి కొట్టి గిరగిరా తిప్పే సరదా కొందరికి ఉంటుంది. ఆ స్పీడుకి రోలర్లని పట్టి ఉంచే గూడు విచ్చుకుని రోలరు తూటాలా ఎగిరొస్తుంది. గాలి కొట్టినా బేరింగుని వేళ్ళతో తిరగకుండా పట్టుకోవాలి.)

కప్పు (హబ్‌లో బిగిసి ఉండే బేరింగు బయటి రింగు) లోపల రోలర్ల ఎడంతో నల్లటి అడ్డగీతలు, తుప్పు గుంటలు ఉంటే నీళ్ళు. నాది ఇదే. బండి నిలబడినప్పుడు రోలరు ఆనినచోట నీటి చెమ్మ నిలిచి అక్కడే తింటుంది. అదే ఎడంతో తుప్పు లేకుండా నున్నటి సొట్టలు ఉంటే దెబ్బ తగిలినట్టు, అంటే లోడుతో గోతిలో దబ్బున పడిందనో, బిగించేటప్పుడు ఎవరో సుత్తితో బాదారనో అర్థం. అంతా మసకబారి బూడిద రంగుకి తిరిగితే దుమ్ము, ఇసుక. పొరలు పొరలుగా పెచ్చులూడితే వయసు, లేకపోతే మోయాల్సినదాని కన్నా ఎక్కువ మోయడం. నీలం రంగు, గోధుమ రంగు వస్తే వేడి. గ్రీజు లేకనైనా అవ్వాలి, మరీ బిగించడం వల్లనైనా అవ్వాలి.

ఇంకొకటి అరుదుగానే గానీ కనిపిస్తుంది. కప్పులో బట్టలుతికే బల్ల మీది గీతల్లా దగ్గర దగ్గరగా సన్నటి చారలు. బాడీకి వెల్డింగు పెట్టించినప్పుడు ఎర్త్ క్లిప్పు ఎక్కడో దూరంగా తగిలిస్తే కరెంటు బేరింగుల్లోంచి పోయి రోలర్ల దగ్గర నిప్పురవ్వలు కొడుతుంది. ట్రాలీ డోరుకి వెల్డింగు పెట్టిస్తే క్లిప్పు కూడా ఆ డోరుకే తగిలించమనండి. బ్యాటరీ తీగ తీసేయడం కూడా మరిచిపోవద్దు.

స్టబ్ యాక్సిల్‌ని కూడా తుడిచి చూడండి. బేరింగు కోను (రోలర్లు ఉండే లోపలి రింగు) దాని మీద చేత్తో తోస్తే జారి కూర్చోవాలి. అక్కడ గీతలు పడినా, గోరుకి తగిలేంత మెట్టు పడినా, నీలం తిరిగినా ఆ ముక్క మార్చాల్సిందే. వెల్డింగుతో నింపి లేత్ మీద చెక్కిస్తే సరిపోతుందనే వాళ్ళు దొరుకుతారు, సగం డబ్బుకే చేస్తామంటారు కూడా. ఆ వేడికి ఉక్కు స్వభావమే మారిపోతుంది. చక్రం మొత్తం ఆ ఒక్క కడ్డీ మీద ఉంది. నేనైతే ఒప్పుకోను.

కొనేటప్పుడు

పాత బేరింగు మీద అచ్చు ఉంటుంది, దాన్ని చూపించి తెచ్చుకోండి. 30206 లాంటి నంబరైతే చివరి రెండంకెల్ని 5తో గుణిస్తే లోపలి రంధ్రం కొలత వస్తుంది. 06 అంటే 30 మిల్లీమీటర్లు. 30207 అయితే 35. షాపులో పక్క సైజు ఇస్తుంటే అక్కడే పట్టేయొచ్చు. ఎల్.ఎం. అని మొదలయ్యే నంబర్లు అంగుళాల లెక్కవి, వాటికి ఈ సూత్రం పనిచేయదు. వాటిలో కోనుకొక నంబరు, కప్పుకొక నంబరు ఉంటాయి కాబట్టి రెండూ రాసుకెళ్ళాలి. కోను కొత్తది, కప్పు పాతది వేయడం మాత్రం వద్దు. పాత కప్పులో పడ్డ గుంటలు కొత్త రోలర్లని వారంలో తినేస్తాయి. ఒకవైపు విప్పినప్పుడు చిన్నదీ పెద్దదీ రెండూ మార్చండి. పేరున్న కంపెనీ డబ్బాల్లో నకిలీ సరుకు కూడా తిరుగుతోంది. బేరింగు మీది అచ్చు అలికినట్టుంటే, డబ్బా మీది నంబరూ లోపలిదీ కలవకపోతే, ధర సగానికి సగం చెబితే తిరిగిచ్చేయండి.

గ్రీజు సంగతి. చాసిస్‌కి కొట్టే చౌక రకం కాల్షియం గ్రీజు వంద డిగ్రీల దగ్గరికి వెళ్తే కరిగి కారిపోతుంది. వీల్ బేరింగుకి లిథియం, లేదా లిథియం కాంప్లెక్స్ గ్రీజు కావాలి. డబ్బా మీద ‘వీల్ బేరింగ్’ అనీ, ఎన్.ఎల్.జి.ఐ. 2 లేదా 3 అనీ (గ్రీజు చిక్కదనం నంబరు) రాసి ఉంటుంది. రెండు రకాలు కలపొద్దు. కొన్ని గ్రీజులు ఒకదానికొకటి పడక నీళ్ళలా పల్చబడిపోతాయి. అందుకే హబ్‌లోని పాతదంతా వేలితో, గుడ్డతో తీసేసి, డీజిల్లో కడిగి ఆరబెట్టాలి.

కప్పులు దిగ్గొట్టడం, గ్రీజు పట్టించడం

పాత కప్పుల వెనక హబ్‌లో రెండు గాళ్ళు కనిపిస్తాయి. ఇత్తడి కడ్డీని అక్కడ ఆనించి ఇటొక దెబ్బ, అటొక దెబ్బ వేస్తూ బయటికి తోయాలి. ఒకేవైపు కొడితే కప్పు అడ్డం తిరిగి హబ్‌ని గీరేస్తుంది.

కొత్తవి వేసేటప్పుడు నాకో సౌకర్యం ఉంది, ఐసు పెట్టె. కప్పుల్ని నీళ్ళు చొరకుండా రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి, ఉప్పు కలిపిన ఐసులో గంటసేపు పెడతాను. అరవై మిల్లీమీటర్ల కప్పు అలా చల్లబడితే 0.02 నుంచి 0.03 మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది. వినడానికి ఏముంది అనిపిస్తుంది గానీ కప్పు బిగుతు అంతా ఆ కొలతలోనే ఉంటుంది. హబ్‌ని ఎండలో పెట్టి, కప్పుని ఐసులోంచి తీసి, తుడిచి వెంటనే వేస్తే సగం దూరం వేళ్ళతోనే దిగుతుంది. ఇంట్లో ఫ్రిజ్ పై అర అయినా ఇదే పని చేస్తుంది, ఇంట్లో వాళ్ళు ఒప్పుకుంటే. మిగతాది పాత కప్పుని మీద బోర్లించి, చుట్టూ సమానంగా కొట్టి దించాలి. దిగుతున్నంతసేపూ దెబ్బ ‘టంగ్ టంగ్’మంటుంది, అడుగు తగలగానే ‘దడ్’మని మొద్దుగా మారుతుంది. ఆ మార్పు వినిపించాక ఇంకొక దెబ్బ కూడా వద్దు. రెండు కప్పులూ వెడల్పు నోరు బయటికి ఉండేలా చూసుకోండి, తిరగేసి కొట్టాక తెలిస్తే ఏడవాలి.

గ్రీజుని బేరింగుకి పైపైన పూస్తే పనికిరాదు. ఎడమ అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు వెడల్పు వైపు అంచుని ఆ ముద్దలోకి గుచ్చి గుచ్చి నొక్కాలి. గ్రీజు రోలర్ల మధ్య నుంచి దూరి రెండోవైపు పురుగుల్లా బయటికొస్తుంది. అలా చుట్టూ వచ్చేదాకా తిప్పుతూ నొక్కాలి. హబ్ లోపల కప్పుల మట్టం దాకా ఒక పొర చాలు. లోపలంతా కూరేస్తే గ్రీజుని చిలకడానికే వేడి పుడుతుంది. ముందు పెద్ద బేరింగుని దాని కప్పులో పెట్టి, ఆపైన కొత్త సీలుని చదునైన చెక్క పెట్టి సమానంగా దించండి, దాని పెదవికి కాస్త గ్రీజు రాయండి.

బిగించడం

నేను చెడగొట్టింది ఇక్కడే. లారీ షెడ్డులో వీల్ నట్లని పైపు తొడిగి, కాలేసి బిగించిన అలవాటు. హబ్ ఎక్కించి, చిన్న బేరింగు పెట్టి, నాలుక వాషరు వేసి, కాజిల్ నట్టుని అదే మోతాదులో బిగించాను. పిన్ను వేశాను. చక్రం తిప్పితే రెండు చుట్లకే ఆగింది. కొత్తది కదా, బిగుతుగా ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను. గుడివాడ చేరేసరికి హబ్ మీద చెయ్యి పెట్టలేకపోయాను. టోపీ చుట్టూ గ్రీజు నూనెలా కారుతోంది. అక్కడే రోడ్డు పక్కన ఆగి మా పాత మేస్త్రీకి ఫోన్ చేశాను.

“నట్టు ఎంత బిగించావురా?”

“గట్టిగానే బిగించానండీ గురువుగారూ, మళ్ళీ వదులవుద్దేమోనని.”

“వదులైతే చప్పుడు చేసి చెబుద్దిరా. బిగుసుకుంటే చెప్పకుండా కాలిపోద్ది. నడపకు, వేరే బండి మీద వేసి తెప్పించుకో.”

విప్పితే రోలర్ల పెద్ద కొసలు నీలంగా మాడి ఉన్నాయి. టేపర్ రోలరు వెడల్పు కొస కోను అంచుని రాసుకుంటూ తిరుగుతుంది. ఆ రాపిడికి గ్రీజు పొర అడ్డుగా ఉండాలి. మరీ బిగిస్తే ఆ పొర నలిగిపోతుంది, వేడి పుడుతుంది, వేడికి లోపలి ముక్కలు ఉబ్బి ఇంకా బిగుసుకుంటాయి. ఇంకో జత బేరింగులు, ఒకరోజు బాడుగ, సగం లోడు చేపలు పోయాయి.

మేస్త్రీ చెప్పిన పద్ధతి ఇది. రెండోసారి అలాగే చేశాను, ఇప్పటికీ అలాగే చేస్తున్నాను. హబ్‌ని ఒక చేత్తో తిప్పుతూనే ఉండాలి, రెండో చేత్తో మామూలు పొడవు పానాతో నట్టుని ఓ మాదిరిగా బిగించాలి. టార్క్ రెంచ్ ఉంటే 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే లెక్క. ఈ బిగింపు రోలర్లు సరిగ్గా సర్దుకోవడానికే, ఇలాగే వదిలేయడానికి కాదు. తిప్పకుండా బిగిస్తే రోలర్లు వంకరగా నిలబడి, తరవాత నాలుగు కిలోమీటర్లు నడిచాక సర్దుకుని ప్లే వస్తుంది. పదిసార్లు తిరిగాక నట్టుని పూర్తిగా వదులు చేసేయాలి. మళ్ళీ ఈసారి పానా లేకుండా, వేళ్ళతో పట్టి తగిలేదాకా బిగించాలి. అప్పుడు పిన్ను రంధ్రం నట్టు గాడికి ఎదురుగా రాకపోతే వెనక్కి, అంటే వదులు వైపుకే తిప్పి దగ్గరి గాడికి తేవాలి. ముందుకి తిప్పకూడదు.

ఒక్క గాడిలో ఏముందిలే అనిపిస్తుంది. ఆరు గాళ్ళ నట్టులో ఒక గాడంటే ఆరోవంతు చుట్టు. నట్టు మరలు ఒకదానికొకటి ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎడంలో ఉంటే ఆ ఒక్క గాడికీ నట్టు పావు మిల్లీమీటరు జరుగుతుంది. మనకి కావాల్సిన ప్లే మాత్రం మొత్తం కలిపి 0.03 నుంచి 0.12 మిల్లీమీటర్ల మధ్య. అందుకే కొన్నిసార్లు వెనక గాడికి తెస్తే మరీ వదులైపోతుంది. అలాంటప్పుడు నట్టు వెనక వాషరు ఇంకొకటి వేసి చూడండి, లేదా నట్టు అడుగుని గాజు పలక మీద పరిచిన ఎమరీ కాగితం మీద కొద్దిగా రుద్దండి, గాడి స్థానం మారుతుంది. ఓపిక పట్టే పని ఇదే. లేత్ షాపు వాళ్ళని అడిగితే డయల్ గేజీ (సన్నటి కదలికని ముల్లుతో చూపించే కొలత పరికరం) గంటసేపు ఇస్తారు. అయస్కాంతం పాదాన్ని హబ్ మీద నిలిపి, ముల్లు స్టబ్ యాక్సిల్ కొసని తాకేలా పెట్టి, హబ్‌ని ముందుకీ వెనక్కీ లాగితే అంకె కనిపిస్తుంది. గేజీ లేకపోతే నాలుక వాషరుని స్క్రూడ్రైవరు కొసతో నెట్టి చూడండి. కొద్దిపాటి ఒత్తిడికి పక్కకి జారాలి. అస్సలు కదలకపోతే బిగుతు ఎక్కువైనట్టు.

కొత్త స్ప్లిట్ పిన్ను వేసి, కాళ్ళు రెండువైపులకీ మడవండి. పాత పిన్ను, మేకు, ఇనప తీగ ఏదీ వద్దు. టోపీ కొట్టి, క్యాలిపర్ ఎక్కించి, చక్రం పెట్టి, నట్లని ఎదురెదురుగా బిగించండి. బండి కదిపే ముందు బ్రేకు నాలుగైదు సార్లు తొక్కాలి. ప్యాడ్లు వెనక్కి పోయి ఉంటాయి కాబట్టి మొదటి తొక్కుడు నేలకి తగులుతుంది. అది రోడ్డెక్కాక తెలిసే విషయం కాకూడదు.

కింగ్‌పిన్నులు, ఇరుసు

బ్రేకు తొక్కినా ప్లే పోకపోతే కింగ్‌పిన్ను బుష్షులు అరిగాయి. పిన్ను ఊడదీయడం, కొత్త బుష్షులు కొట్టి పిన్నుకి సరిపడా రీమరు తిప్పించడం లేత్ షాపు పని, ఇంటి దగ్గర వద్దు. మీరు చేయాల్సిందల్లా అవి అరక్కుండా చూసుకోవడం. గ్రీజు గన్ను కొట్టేటప్పుడు బండి నేల మీద ఉంటే బరువంతా థ్రస్ట్ బేరింగు (కింగ్‌పిన్ను దగ్గర బండి బరువు మోసేది) మీద ఉండి గ్రీజు దాని మధ్యకి పోదు. ముందు ఇరుసుని జాకీతో ఎత్తి, చక్రాలు గాల్లో ఉండగా కొట్టండి, స్టీరింగు అటూ ఇటూ తిప్పి మళ్ళీ కొట్టండి. పాత నల్ల గ్రీజు బయటికొచ్చి కొత్త రంగు కనిపించేదాకా కొడుతూనే ఉండండి. నిప్పిల్ (గ్రీజు గన్ను తగిలించే చిన్న మూతి) మూసుకుపోయి గ్రీజు పోకపోతే చౌకగా దొరికే ఆ నిప్పిల్ మార్చండి. ఆ నిప్పిల్ దగ్గర బద్ధకించే చాలామంది వేలు ఖర్చు పెట్టుకుంటారు.

బండి లోడుతో కల్వర్టు దిగిపోయి ఇరుసే వంగితే టైరు ఒక అంచు గబగబా అరుగుతుంది. అలైన్‌మెంటు చేయించినా ఆగదు, ఎందుకంటే అలైన్‌మెంటులో ఇలాంటి ఇరుసుకి మార్చగలిగేది టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) ఒక్కటే. గ్యాసు మంట పెట్టి తిన్నగా చేస్తామంటే వద్దనండి, ఇరుసుని గట్టిపరిచిన తీరు ఆ మంటకి పోతుంది. చల్లగానే ప్రెస్సు మీద కొలిచి తీసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి, బాగా వంగితే మార్చేయండి.

ముందు చక్రాలకి కూడా ఇంజను బలం వెళ్ళే కొత్త పికప్‌లలో చాలావాటికి బేరింగు మూసేసిన ఒకే ముక్కగా ఉంటుంది. దానికి గ్రీజు పెట్టడం, వేళ్ళతో బిగించడం ఉండవు. పైన చెప్పినదానికి పూర్తిగా తిరుగుడు: మధ్య నట్టుని కంపెనీ చెప్పిన పెద్ద టార్కుకి బిగించాల్సిందే, అది బిగించకుండా బండి బరువు చక్రాల మీద పెట్టినా బేరింగు విచ్చుకుంటుంది. ఏబీఎస్ ఉంటే సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉండొచ్చు, ఆ వైపు తిరగేసి వేస్తే డాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. ప్రెస్సు లేకుండా సుత్తితో ప్రయత్నించొద్దు.

బిగించాక

మొదటి ఇరవై కిలోమీటర్లు ఖాళీగా నడిపి, బ్రేకులు ఎక్కువగా వాడకుండా ఆపి, రెండు ముందు హబ్‌ల మీదా చెయ్యి పెట్టి పోల్చండి. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉండాలి. ఒకటి కాలుతుంటే చక్రం ఎత్తి తిప్పి చూడండి, ప్యాడ్లు పట్టి ఉంటే బ్రేకు వేడి, లేకపోతే నట్టు బిగుతు. వంద కిలోమీటర్లకి వీల్ నట్లు మళ్ళీ బిగించాలి. ఐదు వందల కిలోమీటర్లకి ఇంకోసారి ఎత్తి, పైనా కిందా చేతులు పెట్టి ఊపి చూడాలి. సర్దుకున్నాక కాస్త ప్లే పెరిగితే నట్టుని మళ్ళీ పైన చెప్పినట్టు వేళ్ళతో సరిచేస్తే సరిపోతుంది.

ఇప్పుడు నేను ఏటా వానలు తగ్గాక, దీపావళి వెళ్ళిన వారంలో రెండు హబ్‌లూ విప్పి గ్రీజు మారుస్తున్నాను. మధ్యలో హబ్ మునిగే నీళ్ళలో దిగాల్సి వస్తే, ముందు బండి ఆపి పావుగంట చల్లారనిస్తాను. దిగక తప్పక వేడిగా దిగితే ఆ వారంలోనే విప్పుతాను. క్యాబిన్లో సీటు కింద రెండు సీళ్ళు, నాలుగు స్ప్లిట్ పిన్నులు, అరకిలో గ్రీజు డబ్బా ఎప్పుడూ ఉంటాయి. ఆ డబ్బా మూత మీద ‘వేళ్ళతో మాత్రమే’ అని మా తమ్ముడి కొడుకు మార్కరుతో రాసిపెట్టాడు.